ముందే కట్టిన బ్యానర్

నాందేడ్ చౌక్‌లో కరెంటు స్తంభానికి నా ఫొటో వేలాడుతోంది. తల మీద డిగ్రీవాళ్ల నల్ల టోపీ.

ఆ టోపీ నేనెప్పుడూ పెట్టుకోలేదు. ఫ్లెక్స్ షాపువాడు కంప్యూటర్‌లో పెట్టాడు. కొంచెం ఎడమకి ఒరిగింది.

ఫొటో కింద మరాఠీలో పెద్ద అక్షరాలు. మయూరి బీఎస్సీ పాసైనందుకు హార్దిక అభినందనలట. వాటి కింద వరసగా మా చుట్టాల ఫొటోలు, పదకొండు.

నా ఆఖరి పరీక్షకి ఇంకా ఎనిమిది రోజులున్నాయి.

తొందరకి కారణం లేకపోలేదు. వచ్చే వారం ఎవరో నాయకుడి పుట్టినరోజు బ్యానర్లు కడతారు. ఇక చౌక్‌లో స్తంభం కాదు కదా, చెట్టుకొమ్మ కూడా ఖాళీ దొరకదు. అందుకని ఆటో నడిపే మా బాపు కైలాస్ ముందే జాగా పట్టేశాడు. ఆలు లేదు చూలు లేదు అన్న సామెత మా ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

మా వంశంలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. నాయనమ్మ జనాబాయి రోజూ పొద్దున్నే పోయి బ్యానర్ చూసొస్తుంది. ఉమ్రిలో ఉండే గజానన్ మామ తన ఫొటో చిన్నగా వేశారని అలిగి ఫోనెత్తడం లేదు.

నా బ్యాగులో కాలేజీవాళ్లిచ్చిన ఫారం ఉంది. ఇంకో ఏడాది ఉంటే కెమిస్ట్రీతో పాటు గణితం రెండో మేజర్‌గా చేయొచ్చు. కానీ ఈ ఏడు డిగ్రీ చేతికి రాదు. ఇవాళ సాయంత్రం అయిదులోపు ఇవ్వాలి, తండ్రి సంతకంతో.

లెక్కలంటే నాకు ప్రాణం. కెమిస్ట్రీ పట్టుకున్నది కొలువు తొందరగా దొరుకుతుందని.

మధ్యాహ్నం తిండికి వచ్చిన బాపుకి విషయం చెప్పాను. ఆయన చేతిలో జొన్నరొట్టె ఆగిపోయింది.

"ఏడాది ఆగుడా? గిప్పుడా?"

"ఔ బాపు."

"బ్యానర్ కట్టిన గద బిడ్డా."

"చూసిన."

"దించితె జనం ఏమంటరు? పిల్ల ఫెయిలైందంటరు."

నా భయమూ అదే. నా గురించి కాదు, ఆయన గురించి. ఆటోస్టాండులో రోజూ పదిమంది మధ్య కూర్చోవాల్సిన మనిషి.

"అట్లయితె వద్దు బాపు. ఉన్నదే మస్తు," అన్నాను. పచ్చి అబద్ధం.

నాయనమ్మ మధ్యలో దూరింది. "రెండు సదువులైతె రెండు టోపీలు పెడ్తరానే?"

"ఒక్కటే నాయనమ్మా."

"మరి ఏడాదంత ఎందుకే?"

"లెక్కలు చేస్తుంటె మంచిగనిపిస్తది."

ఆమె కాసేపు నా ముఖం చూసి కొడుకు వైపు తిరిగింది. "ఏడో తరగతిల బడి ఇడ్సిపెట్టినవ్. ఏది మంచిగనిపిస్తదిరా అని నిన్ను గూడ ఎవ్వలం అడగలె."

బాపు లేచాడు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, సంతకం పెట్టాడు. ఆటో తీశాడు.

కాలేజీలో ఫారం ఇచ్చి తిరిగొస్తూ చౌక్‌లో ఆపాడు. టీకొట్టులో నిచ్చెన అడిగి తెచ్చి స్తంభానికి వేశాడు. నేను కింద పట్టుకున్నాను. ముడులు ఎంతకీ ఊడలేదు. కట్టింది ఆయనే మరి.

నాందేడ్‌లో ఎవరి బ్యానరైనా చిరిగి రాలిపోవాల్సిందే గానీ, కట్టినవాడే దించడం ఎవరూ చూసి ఉండరు. ఆటోస్టాండులోంచి తోటి డ్రైవరు పోశన్న టీగ్లాసుతో లేచొచ్చాడు. ఆయన వెనక ఇంకో నలుగురు.

"కాయ్ రే కైలాస్, ఏమైంది? పిల్ల ఫెయిలైందా?"

నేను తలెత్తి బాపు వైపు చూశాను.

బాపు ఫ్లెక్స్ చుట్టి చంకలో పెట్టుకుని దిగాడు. అందరికీ వినబడేలా అన్నాడు.

"లేదన్నా. మూడేండ్ల సదువు మా పిల్లకు సాలలేదు."