బదిలీ కూలి

నలభై ఆరులో కలరా వచ్చింది. పని దొరుకుతుందేమోనని రోజూ జూటు మిల్లు గేటు దగ్గర నిలబడే బదిలీ కూలీల్లో నేనొకణ్ణి. లోపల ఒకడు పడిపోతే బయట ఒకణ్ణి పిలిచేవారు.

"డాక్టర్ని తెచ్చి పేటంతటికీ సూదిమందు ఏయించేదాకా ఎవుడూ లోనికెళ్లొద్దు. మిషన్లు ఆగితేనే ఆళ్లకి మన సావు కనిపిస్తాది," అన్నాడు యూనియన్ అప్పలనరసింహం. ఎర్రజెండా ముట్టుకుని అందరం ఒట్టేశాం.

మూడోరోజుకి సగం మిషన్లు ఆగాయి. ఆ పొద్దున్నే నా పెళ్లాం సన్యాసమ్మకి వాంతులు పట్టుకున్నాయి. సర్కారు ఆస్పత్రిలో డాక్టరు లేడు. మిల్లు మందు పనిలో ఉన్నవాడికే ఇస్తారు.

గేటు దగ్గర మేస్త్రీ పనికి రమ్మని కేకేశాడు. నేను కదిలాను.

అప్పలనరసింహం నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒద్దు మావా. ఒక్క పూట ఓపిక పట్టు."

"నీ ఇంట్లో అయితే తెలుస్తాదిరా నీకు," అని విదిలించుకున్నాను. నా వెనకే పదిమంది వచ్చేశారు.

లోపల మిల్లు కాంపౌండరు సీసా చేతిలో పెట్టాడు.

"ఇది కడుపునొప్పి మందు. కలరాకి పనిసెయ్యదు. మధ్యాన్నం రైలుకి విశాఖపట్నం నించి డాక్టరు రావాలిసింది. మీరు పనిలోకొచ్చీసినారని మిల్లు దొర ఆయన్ని ఇంక రావొద్దని ఇప్పుడే కబురంపీసినాడు."