దించని మూకుడు

నూనె డబ్బాలు బండి మీంచి మోసుకొచ్చి షెడ్డులో దించీ దించగానే సదానందం గ్యాస్ కట్టేశాడు.

"పిచ్చి లేసిందా నీకు?" పద్మలత మొగుడి మీదికి చిల్లుల గరిటె ఎత్తింది. "నూనె ఇప్పుడిప్పుడే కాగుతాంది."

"నిన్న కండ్లు తిరిగి పడ్డది ఎవలు? నేనా? బీపీ గింత ఉంటే పొయ్యి కాడ నిలబడద్దని డాక్టర్ చెప్పలేదా? వారంల కొన్ని దినాలన్న బంద్ పెట్టుమన్నడు."

"డాక్టర్‌కేంది, నూరు చెప్తడు. కిషన్ రావు సారుకు ఆయన చేసిస్తడా సకినాలు?"

ఖిలా వరంగల్ కోటకు పోయే దారిలో, ఇంటి వెనక ఉన్న ఈ రేకుల షెడ్డే ఆమె కంపెనీ. 'పద్మలత పిండివంటలు' అంటే నర్సంపేట దాకా పేరుంది. వచ్చేవాళ్లలో చావు జరిగిన ఇళ్లవాళ్లు కూడా తక్కువేం కాదు. చావైన ఇంట్లో ఏడాది తిరిగేదాకా మూకుడు పెట్టరు కదా! పిల్లల నోళ్లు మాత్రం ఏడాది ఆగుతాయా? కిషన్ రావు వాళ్లదీ అదే సంగతి. పెద్దాయన పోయాడు. బిడ్డేమో పసిగుడ్డుతో అత్తగారింటికి పోవాలి, సారె తప్పదు. "ఊళ్ల మూకుళ్లు దిగితెనే మన మూకుడు ఎక్కుతది" అని పద్మలత నవ్వుతుంటుంది. అలా అన్నప్పుడల్లా సకినాలు చుట్టే ముసలి సమ్మమ్మ చెంపలేసుకుంటుంది.

"పరుగెత్తి పాలు తాగుడెందుకు పద్మా, నిలబడి నీళ్లు తాగుదాం" అన్నాడు సదానందం, ఈసారి మెత్తగా.

"నిలబడి నీళ్లు తాగేటోళ్లకు ఆర్డర్లు రావయ్యా. దీపముండంగనే ఇల్లు చక్కబెట్టుకోవాలె. జరుగు."

మళ్లీ గ్యాస్ వెలిగించింది. మొండిది. మనిషి మంచిదే, కాని ఉత్త మొండిది.

బట్ట మీద చుట్టిన సకినాలు ఇంకా ఆరలేదు. ఫ్యాన్ పెద్దది పెట్టినా తడి పోలేదు.

"జర ఆరనియ్యి బిడ్డా, పచ్చివి ఏస్తే పేల్తయి" అని సమ్మమ్మ మొత్తుకుంటూనే ఉంది. పద్మలత నూనెలోకి జార్చనే జార్చింది.

టప్పున పేలింది ఒకటి. నూనె ఎగిరి ఆమె మణికట్టు మీద పడింది. "అవ్వా!" అంటూ చెయ్యి విదిలించుకుని కింద కూలబడింది.

సదానందం పరుగున వచ్చి ఆ చేతి మీద చెంబెడు నీళ్లు పోశాడు. తిట్టలేదు. 'నేను చెప్పలేదా' అని కూడా అనలేదు. గరిటె తీసుకుని ఆమె చోట తాను నిలబడ్డాడు.

"నువ్వు కూసో. గీ వాయి నేను తీస్త."

అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. ఒక చేత్తో సకినాలు తిప్పుతూ, రెండో చేతి భుజం గోడకేసి రుద్దుకుంటున్నాడు.

"ఏందయ్యా, గట్ల కారుతాన్నయి చెమటలు?"

"పొయ్యి కాడ చెమటలు కాక చలి పెడతదా?" అని నవ్వాడు. "డబ్బా లేపినప్పుడు భుజం పట్టింది, గంతే. నా ఫికర్ ఇడిసిపెట్టి నీ పానం సూసుకో."

వాయి దించి, "జర ఒరుగుత" అని ఇంట్లోకి పోయాడు.

పద్మలత చేతి మీద బొబ్బ లేచింది. దాన్ని చూస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. రోజూ మాటలు పడి కూడా తన చేతిలోని గరిటె అందుకుని నిలబడ్డ మనిషి! ఎవరి కోసం ఈ పరుగు అనిపించింది. సిగ్గేసింది. ఫోన్ తీసింది.

"కిషన్ రావు సారూ, సారె ఇయ్యాల కాదు, రేపిస్త. పానం బాగలేదు."

"దానికేందమ్మా? మేం పోయేది ఐతారం. మాకేం తొందర లేకుండె."

తొందర లేకుండె! ఎవరూ అడగని తొందరను ఇన్నాళ్లూ తనే నెత్తిన పెట్టుకుని మోసిందన్నమాట. లేచి తన చేత్తోనే గ్యాస్ కట్టేసింది.

"అవ్వా, ఇగ నుంచి వారంల సగం దినాలే మూకుడు. కోట దారిల ఉండి ఒక్కనాడన్న తీరుబాటుగ కోట సూడలే. రేపటి సారె ఇచ్చినంక ఇద్దరం పోయి ఆడ కూసుంటం."

"గిప్పుడన్న బుద్ధి వచ్చింది" అంది సమ్మమ్మ. "పో, ఆ మాట ఆయనకు చెప్పు."

తలుపు నెట్టి చూసింది. సదానందం గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఇంకో రోజైతే "పట్టపగలు నిద్రేంది, లే, పార్సిళ్లు కట్టాలె" అని కుదిపేసేది. ఇవాళ లేపబుద్ధి కాలేదు. పండనీ పాపం, లేచినంక చెప్పొచ్చు, తొందరేముంది అనుకుంది. ఫ్యాన్ వేసి, తలుపు దగ్గరికి వేసింది. అరుగు మీద కూర్చుని వేడివేడి ఛాయ్ నిమ్మళంగా తాగింది. ఎన్నేళ్లకో!

మరునాడు పద్మలత ఒళ్లో ఫోన్ మోగీ మోగీ ఆగింది. మళ్లీ మోగింది. చివరికి సమ్మమ్మ ఎత్తింది.

"పద్మలత పిండివంటలేనా? మరిపెడ నుంచి మాట్లాడుతాన్న. సకినాలు కావాలె."

"ఇప్పుడు చేయరు బిడ్డా."

"మస్తు ఆర్డర్లున్నట్టున్నయి! పర్లేదవ్వా, నాకు తొందరేం లేదు. ఎన్నడిస్తరో చెప్పుండ్రి."

సమ్మమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏడాది దాకా ఈ ఇంట్ల మూకుడు పెట్టరు బిడ్డా."