కారవాన్ మీది ఎర్ర మరకలు

"చూడు బాషా భాయ్, వేలు పెడితే ఎలా అంటుకుంటోందో!" అన్నాడు మెకానిక్ మురళీ, నిచ్చెన మీద నుంచే.

డ్రైవరు హయాత్ బాషా పక్క నిచ్చెన ఎక్కి తొంగి చూసి మొహం తిప్పుకున్నాడు. అతనికి వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్, ప్రాణంలా చూసుకునే కారవాన్ అది. చలికాలం రాగానే బండి వెనక తగిలించుకుని ఎడారికి తీసుకుపోయే చక్రాల ఇల్లు. దాని తెల్లటి రబ్బరు కప్పు మధ్యలో మంచమంత మేర కుళ్లిన పండులా ఉబ్బి, మెత్తబడి, జిగురు కక్కుతోంది. ఆ జిగురు నిండా ఇసుక, చచ్చిన ఈగలు, పావురాల ఈకలు. అక్కడక్కడా ఎర్రటి మరకలు. మొన్న పడిన మొదటి వాన నీళ్లన్నీ లోపలి పరుపుల్లోకి దిగాయి. తలుపు తీస్తే చాలు, ముక్కు మూసుకోవాల్సిన కంపు.

"ఎండకు పోయిందంటావా?"

"ఎండకు ఇలా పోదు భాయ్. ఇది నూనె తాగింది. రబ్బరుకు నూనె విషం. ఎవడో పదే పదే పోసినట్టుంది."

"అతుకు వేసెయ్యి."

"నిలవదు. మొత్తం లేపేసి కొత్త షీటు పరవాల్సిందే. తొమ్మిది వేల దిర్హాములవుతుంది."

బాషాకు అది ఆర్నెల్ల జీతం! పొద్దున కఫీల్ ఒక్క మాటే అన్నాడు. "చేసినవాడు ఖలాస్, ఊరికి పోతాడు. వాడు దొరక్కపోతే ఖర్చు నీది. బండ్లన్నీ నీ చేతిలోనే కదా ఉండేది."

దుబాయ్ అల్ కుసైస్‌లోని ఆ గ్యారేజీ నుంచి రాషిదియాలోని కఫీల్ విల్లాకు వచ్చేదాకా బాషా తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంటి పనిమనిషిని అడిగితే గుట్టు తెలిసింది. మామిడికాయల రోజుల్లో, కఫీల్ కుటుంబం లండన్ పోయినప్పుడు, తోటమాలి పర్శరాములు ఆ కప్పు మీద కనిపించాడట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

ఇంకేం కావాలి? పర్శరాములుకు ఒంటికి నూనె పట్టించుకునే అలవాటుంది. నోట్లో ఎప్పుడూ పాన్ ఉంటుంది. చీకటి పడగానే ఎక్కి, జిడ్డు ఒంటితో కఫీల్ కప్పు మీద వెల్లకిలా పడుకుని, పాన్ ఉమ్ముకుంటూ రాత్రిళ్లు గడిపి పొద్దున్నే దిగేవాడన్నమాట. తలచుకుంటేనే బాషాకు రోత పుట్టింది.

"కారవాన్ ఎక్కినావా లేదా?" అని నిలదీశాడు.

"ఎక్కిన అన్నా."

"ఆ నూనె నీ పనేనా?"

పర్శరాములు తల వంచుకున్నాడు. "నూనెతోని రబ్బరు కరాబైతదని ఎరుక లేదన్నా. ఎరుకుంటే ఎక్కకపోయేటోన్ని."

"అంత కొంపలు మునిగే పనేముందిరా దాని మీద?"

"అదొక్కటి అడుగకు."

"థూ! మా ఇంటిది కుబ్రా నిన్ను తమ్ముడూ తమ్ముడూ అని ఇన్నేళ్లు అన్నం పెట్టింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినావు కదరా!"

పర్శరాములు ఆ మాటకు తలెత్తి బాషా వైపు చూశాడు. కఫీల్ ముందు కూడా "నేనే ఎక్కిన ముదీర్ సాబ్" అన్నాడు తప్ప ఇంకో మాట లేదు. వారం తిరిగేసరికి వీసా కాన్సిలయింది. పదేళ్ల పనికి వాడికి రావలసిన డబ్బంతా కొత్త కప్పు కిందికే పోయింది.

విమానాశ్రయానికి దింపే పని కూడా బాషాకే పడింది. డిక్కీలో పర్శరాములు అట్టపెట్టె పక్కన, చొక్కాలో చుట్టిన సీసా ఒకటి కనిపించింది. అది తమ ఇంటి సీసాయే.

"ఇదేందిరా?"

"తొక్కన్నా. అక్క ఇచ్చింది. ఇంటికాడ మా కొమురవ్వకు తీస్కపోతున్న."

నౌకరీ పోయినా నాలుక చావలేదు వీడికి, అనుకుని బాషా డిక్కీ ధడాలున మూశాడు. దిగేటప్పుడు పర్శరాములు చేతులు జోడించాడు. "అక్క వచ్చినంక ఈ ముచ్చట చెప్పకన్నా. పైలంగ ఉండుమను."

కఫీల్ కూతురి పురిటికని వంటసాయానికి రెండు వారాల కింద అల్ ఐన్ వెళ్లిన కుబ్రా బేగం ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చింది. బాషా రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చేసరికి వేడన్నం, పప్పు, ఎండు మామిడికాయ పచ్చడి సిద్ధంగా ఉన్నాయి.

"పర్శరాములు గదికి తాళం వేసుందేం? వాడికి ఇంత పప్పు పంపుదామని పోయినా" అంది.

"వాడి దరిద్రం వదిలింది. నాలుగు మెతుకులు తిననీ ముందు." అన్నాడే గాని ఆగలేకపోయాడు. పాన్ మరకలూ, జిడ్డూ, కంపూ, తొమ్మిది వేలూ, పర్శరాములు ఒప్పుకోలూ, అన్నీ పూస గుచ్చినట్టు చెప్పాడు.

"నూనెకు రబ్బరు పాడైతాదా?" అంది కుబ్రా.

"అది కూడా తెలీదా నీకు? విషమంట."

బాషా ఊరగాయ ముక్క ఒకటి కొరికాడు. కమ్మని పులుపూ కారమూ తగిలేసరికి, వారం నుంచీ నోట్లో ఉన్న రోత కాస్త తగ్గింది.

"ఈ యేడు ముక్క భలే కుదిరింది కుబ్రా. పోయినేడు గది ముందర ఎండ చాలక, బూజు పట్టి అంతా పారేస్తిమి. ఈసారి కారం, నూనె పట్టించిన ముక్కలు ఇంత బాగా ఎక్కడ ఎండబెట్టినావు?"

కుబ్రా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పర్శరాములుకు నిచ్చెన పట్టుకున్నది నేనే."