మార్చి మార్కులా, సెప్టెంబరు మార్కులా?

కాలేజీ ఆఫీసు అయిదింటికి మూసేస్తారు. మూడు దాటింది. కర్నూల్లో కిరాణా కొట్టు నాగసుబ్బయ్య ఇంట్లో అప్లికేషను మాత్రం ఇంకా పూర్తి కాలేదు.

ఎస్సెస్సెల్సీ రెండుసార్లు రాసినవాళ్లు ఏదో ఒకసారి మార్కులే చూపించాలని ఆ కాలేజీ రూలు. మార్చిలో తెలుగు డెబ్బయి ఎనిమిది, లెక్కలు ముప్పయి ఆరు. సెప్టెంబరులో లెక్కలు డెబ్బయి ఒకటి, తెలుగు నలభై. రెండింట్లో మంచివి ఏరుకోనిస్తే ఈ గొడవే ఉండేది కాదు. పైగా ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పటి నుంచి, గుడారాల్లో దిగిన ఆఫీసర్ల పిల్లలంతా ఆ కాలేజీ మీదే పడ్డారు. సీటు గగనమైపోయింది.

నాగసుబ్బయ్య పెన్ను పట్టుకుని చాప మీద కూర్చున్నాడు. ఎదురుగా ట్యూషను చెప్పిన ఉరుకుందప్ప సారు. గోడవారగా కొడుకు రామకోటయ్య గోళ్లు కొరుక్కుంటున్నాడు. భార్య పుల్లమ్మ మనవరాలి ఉయ్యాల ఊపుతోంది.

“మార్చివే రాస్తా. ఆర్ట్సు గ్రూపు ఖాయంగా వస్తాది” అన్నాడు నాగసుబ్బయ్య.

వంటింట్లో చెంబు ధన్‌మని పడింది. కొట్టు నడిపేవాళ్ల ఇల్లు, ఇత్తడి సామానుకు కొదవలేదు.

“ఆర్ట్సు చదివితే డాక్టరు యాడయ్యేది? సైన్సుకు లెక్కలే చూస్తారు. సెప్టెంబరువి రాయప్పా” అన్నాడు సారు.

“తెలుగు నలభై అంటే నగుతారు సారూ.”

“తెలుగు పరీక్ష పొద్దు కడుపులో తిప్పి, సగంలో లేచొచ్చిన సంగతి నీకు తెలీదా? రాక కాదు గదా.”

“ఆ పొద్దు జట్కాలో ఇంటికి తెచ్చింది నేనే” అంది పుల్లమ్మ నవ్వుతూ.

“సైన్సులో సీటు రాకపోతే ఏడాదంతా ఇంట్లో కూర్చోవల్ల. ఆర్ట్సయితే ఆ భయం లేదు” అన్నాడు నాగసుబ్బయ్య.

ఈసారి రెండు గిన్నెలు పడ్డాయి. ఉయ్యాల్లో పాప కెవ్వుమంది.

“బిడ్డ లేసింది. తొందరగా తేల్చండి” అని పుల్లమ్మ విసుక్కుంది.

సారు రామకోటయ్య వైపు తిరిగాడు. “నీ మాటేమప్పా?”

“నాదేముండాది సారూ. నాయన ఎట్లంటే అట్ల” అన్నాడు రామకోటయ్య, తల ఎత్తకుండా.

నాగసుబ్బయ్య పెన్ను కింద పెట్టాడు. “నా బాధ సీటు గురించి కాదు సారూ. మార్చిలో లెక్కల మార్కులు చూసి రెండు దినాలు అన్నం ముట్టలేదు. సైన్సులో చేరి మళ్లా అట్లాంటి మార్కులొస్తే, ఆ ముఖం చూడలేను.”

“సెప్టెంబరుకు అంత కష్టపడి తెచ్చుకున్న మార్కులప్పా అవి. వాటిని దాచిపెడితే ఆ ముఖం ఇంకెట్లుంటాదో ఆలోచన చెయ్.”

నాగసుబ్బయ్య పెన్ను తీసి, మళ్లీ కింద పెట్టి, మళ్లీ తీశాడు. పాపం, బేరంలో ఎన్నడూ ఇంత తటపటాయించి ఎరగడు. తర్వాత గొంతు బాగా పెంచి, “సరే, సెప్టెంబరువే రాస్తాండా” అన్నాడు.

నలుగురూ చెవులు రిక్కించారు. వంటింట్లో ఏ చప్పుడూ లేదు.

నాగసుబ్బయ్య చకచకా రాసి, సిరా ఆరేదాకా ఊది, అప్లికేషను కొడుకు చేతికిచ్చాడు. “సంతకమొకటే తక్కువ. పో, పని కానియ్.”

రామకోటయ్య దాన్ని వంటింట్లోకి పట్టుకుపోయి, మామ ఎదుట ఎన్నడూ నోరు విప్పని తన భార్య చేతిలో పెన్ను పెట్టి, “ఇంక గిన్నెలు చాలుగానీ డాక్టరమ్మా, ఈడ సంతకం చెయ్” అన్నాడు.