సూది గది ముందు బెంచీ

ఊరి ఆసుపత్రిలో సూది గది ముందు బెంచీ మీద దోన్ ఫిలెమోన్ కూర్చుని ఉండటం చూసి ఎడువిహెస్ ఆగిపోయింది.

మాత్రలు ఇక పనిచేయడం లేదని, ఇవాళే ఇన్సులిన్ మొదలుపెట్టాలని లేడీ డాక్టరు అప్పుడే చెప్పి పంపింది. ఎడువిహెస్ చేతిలో మందు డబ్బా చల్లగా ఉంది.

అడుగుల చప్పుడు విని ఆ గుడ్డాయన తలెత్తాడు.

“సూదికేనా బిడ్డా? కాస్త ఇలా కూర్చుంటావా?”

ఆమె వచ్చిన దారినే బయటికి నడిచింది.

ఆ ఊళ్లో షుగరు లేని ఇల్లు తక్కువ. ఉందని ఒప్పుకునే ఇల్లు ఇంకా తక్కువ.

నోరు కట్టుకోలేనివాళ్లకే ఆ జబ్బు వస్తుందని చర్చి మెట్ల మీద ఆడవాళ్లు చెప్పుకునేవాళ్లు. వాళ్లలో సగంమందికి అదే జబ్బు.

ఎడువిహెస్ పొద్దున్నే బడి పక్కన మొక్కజొన్న జావ, ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు అమ్మేది. రోగిష్టి చేతి జావ ఎవరు తాగుతారని ఆమె భయం. ఎవరైనా పసిగట్టి అడిగితే, వెరాక్రూస్ పట్నం వెళ్లే బస్సు లోయలోకి ఒరిగిన రోజు దడుచుకున్నానని, అప్పట్నుంచే ఒళ్లిలా అయిందని చెప్పేది.

దడుపువల్ల వచ్చిందంటే ఎవరూ వేలెత్తి చూపరు.

మాత్రలైతే కొంగు చాటున మింగేయొచ్చు. సూది అలా కాదు. పైగా సూది పడితే కళ్లు పోతాయని ఊరంతా అనుకునేది.

అందుకు సాక్ష్యం ఫిలెమోన్. పై కొండపల్లె మనిషి. ఒకప్పుడు కాఫీ గింజల లారీ నడిపేవాడు. సూది మొదలుపెట్టాడు, చూపు పోయింది అని చెప్పుకునేవాళ్లు.

గురువారం షుగరు రోగులు వచ్చే రోజు. ఆయన కర్ర పట్టుకుని కొండ దిగి వచ్చి, సరిగ్గా సూది గది ముందే కూర్చునేవాడు. ఆడవాళ్లు పెరటి తలుపు గుండా చుట్టూ తిరిగి లోపలికి వెళ్లేవాళ్లు. కొందరు వెళ్లడమే మానేశారు.

తనలాగే ఇంకొకరు గుడ్డివాళ్లయితే తోడుంటారని వస్తాడులే అని కూకా అనేది. కూకా ఎడువిహెస్ పక్కింటి మనిషి, ఆమె కూడా షుగరు రోగే.

మరుసటి గురువారం ఇద్దరూ కలిసి వెళ్లారు. ఫిలెమోన్ అక్కడే ఉన్నాడు.

ఎడువిహెస్ ఆయన ముందు నిలబడింది.

“దోన్ ఫిలెమోన్, మీరిక్కడ కూర్చోవద్దు. మిమ్మల్ని చూస్తుంటే సూదికి చెయ్యి చాపాలనిపించడం లేదు మాకు.”

“బిడ్డా, నా కళ్ల సంగతి...”

“కనిపిస్తూనే ఉందిగా. మళ్లీ చెప్పడమెందుకు?”

కూకా నవ్వింది.

ఆయన కర్ర కోసం బెంచీ కింద తడుముకున్నాడు. అది ఎడువిహెస్ కాలి దగ్గరే ఉంది. ఆమె వంగి అందివ్వలేదు.

ఆ తర్వాతి గురువారం బెంచీ ఖాళీగా ఉంది. మంచిపని చేశావని అందరూ ఆమెను మెచ్చుకున్నారు.

మందు డబ్బా మాత్రం ఫ్రిజ్‌లో కూరకి తరిగిన నాగజెముడు ముక్కల కింద అలాగే ఉండిపోయింది. డాక్టరు అడిగితే వేసుకుంటున్నానని చెప్పేది. చేదు ఆకుల కషాయం కాచుకు తాగేది.

ఒక మధ్యాహ్నం పిండి పిసుకుతుంటే ఎడమ కంట్లో నల్లటి దారం కదిలింది. పొయ్యి మసి అనుకుని కడుక్కుంది. దారం పోలేదు. ఎవరికీ చెప్పలేదు.

వానాకాలం సగానికి వచ్చేసరికి ఆ కంటికి పొగ కమ్మింది. హలాపా పట్నంలో పెద్ద కంటి డాక్టరు దీపం పెట్టి చూశాడు. ఎడమ కంటి చూపు ఇక రాదన్నాడు. షుగరు అదుపులో ఉంచుకుంటే కుడి కన్ను నిలవొచ్చన్నాడు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంది.

ఇంటికొచ్చి పాత మందు పారేసింది. కొత్తది తెచ్చుకుని, నర్సు చూపించినట్టు పొట్ట మీద తనే పొడుచుకుంది.

నొప్పేమీ అనిపించలేదు.

రోజూ పొడుచుకుంది. జావ అమ్మింది. కొనేవాళ్లు ఎప్పట్లాగే కొన్నారు. నెలలు గడిచినా కుడి కన్ను అలాగే ఉంది.

సూది వేసుకుంటున్నా కన్ను నిలిచే ఉంది. మరి ఫిలెమోన్ కళ్లెందుకు పోయాయో ఆమెకు అర్థం కాలేదు. లేడీ డాక్టరునడిగితే, ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదంది.

ఒక ఆదివారం తమాలెలు గుడ్డలో చుట్టుకుని కొండెక్కింది. ఫిలెమోన్ ఇంట్లో ఆయన అక్క ఒతీలియా తలుపు తీసింది. ఎవరని అడక్కుండానే కుర్చీ వేసింది.

తమ్ముడు వానల మొదట్లోనే పోయాడని చెప్పింది. మూత్రపిండాలు చెడిపోయాయట.

ఎడువిహెస్ మూట ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. ఏదో ఒకటి అడగాలి కాబట్టి, ఆయన ఎన్నాళ్లు సూది వేసుకున్నారని అడిగింది.

“సూదా? వాడు ఒక్కటి కూడా వేయించుకోలేదమ్మా. వాడికి భయం.”

మరి సూదివల్లే కళ్లు పోయాయంటారే అని ఎడువిహెస్ అడిగింది.

“సూది వేసుకోక చేజేతులా పోగొట్టుకున్నానని చెప్పుకోడానికి సిగ్గేసి, సూదివల్లే కళ్లు పోయాయని మొదట ఊరికి చెప్పింది వాడే,” అంది ఒతీలియా. “ఆ అబద్ధం వెనక్కి తీసుకోవాలనే గురువారం గురువారం కొండ దిగేవాడు, ఎవరైనా పక్కన కూర్చుంటే చెప్పేద్దామని.”