పరస్థానం

పక్కింటి తలుపుకి తాళం ఉంది. శేషుకుమారి బ్యాగు ఆ తలుపు వెనక ఉంది.

టైము పదకొండుంబావు. మెల్బోర్న్ నుంచి తైపే విమానం ఒంటిగంటన్నరకి. పన్నెండున్నరకల్లా కౌంటర్ మూసేస్తారు.

"జోజయ్య అంకుల్ ఫోన్ లిఫ్ట్ చెయ్యట్లేదమ్మా," అంది కూతురు లాస్య. "డ్యూటీలో ఉంటే ఆయన ఫోన్ లాకర్‌లోనే. త్రీ దాకా బయటికి రారు."

"అమృతం?"

"ఆంటీ చర్చ్ క్యాంప్‌కి జీలాంగ్ వెళ్లింది."

శేషుకుమారి ఆ ఇంటి మెట్టు మీదే కూలబడింది.

ఇదంతా వియ్యపురాలు శ్యామసుందరి చలవ. ఈ రోజు శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలం. ఆ వేళప్పుడు ప్రయాణం పనికిరాదని ఆవిడ పట్టు. దానికి విరుగుడు కూడా ఆవిడ దగ్గరే ఉంది. పొద్దున్న ఎనిమిదింటికే బ్యాగు తీసుకెళ్లి జోజయ్య గారి హాల్లో పెట్టించింది. పరస్థానం! సామాను ముందే గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఇక రాహువు ఏమీ చెయ్యలేడు.

రాహువు ఏమీ చెయ్యలేదు పాపం. తాళం వేసుకుపోయింది జోజయ్య.

"ఆయన ఇంత తొందరగా పోతాడని నేనేం కలగన్నానా వదినగారూ! పోనీ, రేపు వెళ్తే?" అంది శ్యామసుందరి.

"రేపు సాయంత్రం నాలుగింటికి పోలింగ్ అయిపోతుందండీ."

శేషుకుమారి ముప్పయ్యయిదేళ్ల కిందట బాపట్ల నుంచి తైవాన్‌కి పరిశోధన కోసం వెళ్లింది. అక్కడే లిన్‌ని పెళ్లాడింది. అక్కడి పౌరురాలైంది. లిన్ ఇప్పుడు వాళ్ల పేటకి ఎన్నికైన పెద్ద. పోయినసారి ఒక్క ఓటుతో గట్టెక్కాడు. రేపు మళ్లీ ఎన్నిక. బరిలో ఇద్దరే.

ఆ దేశంలో పోస్టల్ ఓటు లేదు. పేరు ఎక్కడ నమోదైతే అక్కడికే, గుర్తింపు కార్డు పట్టుకుని, మనిషి స్వయంగా వెళ్లాలి. మెల్బోర్న్‌లో ఎంబసీ గడప తొక్కుదామన్నా తైవాన్‌కి ఇక్కడ ఎంబసీ లేదు. దాన్ని దేశమని ఒప్పుకున్న దేశాలే డజను, ఆస్ట్రేలియా అందులో లేదు. ఎంబసీ పని చేసే ఆఫీసు ఒకటుంది, బోర్డు మీద ఆ మాట మాత్రం ఉండదు. శేషుకుమారి అక్కడికీ ఫోన్ చేసింది. పాస్‌పోర్టు పని అయితే చేస్తాం గానీ ఓటు తీసుకోలేమమ్మా అన్నారు.

ఆ కార్డూ పాస్‌పోర్టూ రెండూ బ్యాగులోనే ఉన్నాయి.

"నాన్న రావద్దనే అంటున్నాడుగా అమ్మా," అంది లాస్య. "మోకాళ్లు చూసుకో, రెస్ట్ తీసుకో అని తిరుగు టికెట్ కూడా డిసెంబర్‌కే తీశాడు. నువ్వే దాన్ని మార్పించావు. హి విల్ మేనేజ్, లే."

"నీకు తెలీదే. జూలైలో మా పేటలో సైరన్ మోగింది."

అది ఏటా జరిగే డ్రిల్. దీవి చుట్టూ చైనా యుద్ధనౌకలు తిరుగుతుంటే, సైరన్ వినగానే జనం సెల్లార్లలోకి వెళ్లి దాక్కోవడం నేర్చుకోవాలి. పేటకి ఉన్నది ఒకటే షెల్టర్. వెళ్లి చూస్తే దానికి తాళం. లోపల ఎవరి సరుకో అట్టపెట్టెల్లో, పైకప్పు దాకా. అద్దెకిచ్చేశారట. మెట్ల మీద చక్రాల కుర్చీలో ఎనభయ్యేళ్ల ముసలావిడ. సైరన్ మోగినంతసేపూ ఆవిడ శేషుకుమారి చెయ్యి వదల్లేదు.

"అది నిజం సైరనయితే ఆ మెట్ల మీదే పోయేవాళ్లం. ఆ తాళం వేసినవాడు గెలవకూడదు. ఒక్క ఓటు లాస్యా! అది నాదే."

"నాన్న మీద నిలబడ్డవాడు అంత దుర్మార్గుడా?"

శేషుకుమారి చేతిలో ఫోన్ మోగింది. లిన్. ఎత్తలేదు. లేచి విసవిసా ఇంట్లోకి నడిచింది. శ్యామసుందరి ప్రాణంలా చూసుకునే పచ్చడిబండ చేతబట్టుకుని బయటికొచ్చింది.

"అమ్మా, దిస్ ఈజ్ బ్రేకింగ్ ఇన్! అంకుల్‌కి ఏం చెప్తాం?"

"అద్దం వేయిస్తామని చెప్పు."

"పోలీసులొస్తారు వదినగారూ!"

"రానివ్వండి."

జోజయ్య గారి లాండ్రీ గది కిటికీ మూడు దెబ్బలకి లొంగలేదు. నాలుగో దెబ్బకి భళ్లున పగిలింది. మోకాళ్లు పనిచెయ్యని మనిషి ఎలా దూరిందో దూరింది. మోచెయ్యి చీరుకుపోయింది. బ్యాగు హాల్లో సోఫా పక్కన, శ్యామసుందరి పెట్టిన కుంకుమ బొట్టుతో బుద్ధిగా నిలబడి ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా వాటేసుకుని ఏడ్చింది.

లాస్య వాళ్లుండే క్రెయిగీబర్న్ నుంచి ఎయిర్‌పోర్టు ఇరవై నిమిషాలు. ఆ రోజు దారిలో రోడ్డు తవ్వేశారు. ప్రతి ఎర్ర లైటు దగ్గరా శేషుకుమారి రాముణ్ణీ, బుద్ధుణ్ణీ, పనిలో పనిగా జోజయ్య గారి ఏసునీ మొక్కింది. ఎవరు విన్నారో తెలీదు. పన్నెండూ ఇరవయ్యారుకి కౌంటర్ దగ్గర నిలబడింది. బోర్డింగ్ పాస్ చేతిలో పడింది.

లాస్య తల్లి మోచేతికి కర్చీఫ్ కట్టింది. ఆమె కళ్లూ చెమర్చాయి.

"నాన్న కోసం ఇంత చేశావని తెలిస్తే ఎంత పొంగిపోతాడో! ఇప్పుడే ఫోన్ చేసి చెప్తానుండు."

శేషుకుమారి కూతురి చేతిలోంచి ఫోన్ మెల్లగా లాక్కుంది.

"చెప్పకే, ఆ షెల్టర్‌కి తాళం వేసింది మీ నాన్నే."