రెండు ఫ్రేములు

పొద్దున్నే షట్టరెత్తి, కంప్యూటర్ ముందు కూర్చుని, తమ్ముడి బ్లాగు తెరిచిన పెద్దాడు కొయ్యబారిపోయాడు. తన వ్యాసం అక్కడుంది. అక్షరం పొల్లు పోలేదు. కిందికి జరిపి చూశాడు. ఒకటి కాదు, అన్నీ తనవే!

తమ్ముడి బ్లాగు తెరవడమంటే తమ్ముడి గడప తొక్కడమే. అందుకే ఇన్నాళ్ళూ తెరవలేదు. ఇవాళ పోటీకి తమ్ముడేం రాశాడో చూడక తప్పలేదు. బడి పిల్లలందరి కళ్ళద్దాల ఆర్డర్ ఇవాళే తేలుతుంది. వస్తే షాపు గట్టెక్కుతుంది. రాకపోతే దింపిన షట్టర్ మళ్ళీ ఎత్తే పనుండదు.

ఫోను మోగింది. బడి ప్రిన్సిపాల్ మేడమ్.

"మీ వ్యాసం చదివి ఆర్డర్ మీకే ఇద్దామనుకున్నానండీ. పక్క షాపు సైట్లోనూ అదే ఉంది. కాపీ కొట్టే పిల్లల్నే నేను క్లాసులో ఉంచను. దొంగ ఎవరో మీ ఇద్దరూ తేల్చుకోండి. మధ్యాహ్నం లోపు తేలకపోతే వేరే షాపు చూసుకుంటాను."

ఒకప్పుడు అది ఒకటే షాపు. నాన్న పెట్టింది. అన్నదమ్ములకి పడకపోయేసరికి మధ్యలో ప్లైవుడ్ గోడ లేచింది. 'చల్లని చూపు' అన్న బోర్డుని రంపంతో కోశారు. పెద్దాడి వాటాకి 'చల్లని' వచ్చింది, చిన్నాడికి 'చూపు' దక్కింది. పెద్దాడి షాపుకొచ్చి కూల్‌డ్రింక్ అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

నాన్న ఎవరి వాటాకీ రాలేదు. మేడ మీది వంటగదిలో స్థిరపడ్డాడు. మధ్యాహ్నం కిటికీలోంచి తాడు కట్టి రెండు క్యారేజీలు దించుతాడు. రెండింట్లోనూ ఒకే కూర. ఒకరికి ఎక్కువా లేదు, ఒకరికి తక్కువా లేదు.

బ్లాగులు పెట్టేటప్పుడూ పోటీయే. పెద్దాడు ఉచితంగా దొరికే రెడీమేడ్ బ్లాగు తీసుకున్నాడు. "అద్దె ఇల్లులాంటిది. మరమ్మతులన్నీ ఓనరే చూసుకుంటాడు" అన్నాడు. చిన్నాడికి ఆ ముక్క చాలు. "అద్దె ఇంట్లో మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాలి" అని గోడకి వినపడేలా అని, డబ్బు పోసి సొంత సైటు కట్టించుకున్నాడు. ఇద్దరూ చాటుగా నాన్నని సలహా అడిగినవాళ్ళే.

"ఫ్రేము ఏదైతే ఏంట్రా, చూపించేది అద్దం కదా. అందులో ఏం రాస్తావో అది చూసుకో" అన్నాడాయన.

"నీకీ కంప్యూటర్ గొడవలు తెలీవులే నాన్నా" అన్నారు. అన్నదమ్ములు ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

తీరా బ్లాగు పెట్టాక పెద్దాడికి రెండు వాక్యాలు దాటి కలం సాగలేదు. అప్పుడొచ్చింది 'నాలుగుకళ్ళు' అన్న పేరుతో ఒక మెయిల్. "మీ బ్లాగు చూశాను. జాలేసింది. నేను రాసిపెడతాను, పేరు మీదే వేసుకోండి. పైసా వద్దు. నా సంగతి పక్క షాపుకి తెలియకపోతే చాలు." పెద్దాడు ఎగిరి గంతేశాడు. ఈ ముచ్చట భార్యకి కూడా చెప్పలేదు.

ఇప్పుడు లేచి గోడని దబదబా గుద్దాడు. చిన్నాడు అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. మేడమ్ ఫోను వాడికీ వెళ్ళినట్టుంది, మొహం కందగడ్డలా ఉంది.

"దొంగతనానికి నా సైటే దొరికిందా అన్నయ్యా?"

"దొంగే దొంగా దొంగా అని అరిచాడట! అది నేను బుర్ర బద్దలుకొట్టుకుని రాసిందిరా!"

"నువ్వా? వదినకి మొదటి ఉత్తరమే నాతో రాయించుకున్నావు!"

"అందుకే మీ వదిన ఎర్ర సిరాతో తప్పులు దిద్ది తిప్పి పంపింది!"

మేడమ్‌కి నచ్చిన వ్యాసం ఒక పిల్లాడి గురించి. అన్నకి కళ్ళజోడొచ్చిందని వాడు తిండి మానేసి ఏడ్చాడట. షాపాయన పవర్ లేని ఉత్తి అద్దాలు బిగించి ఇస్తే, "ఇప్పుడు బోర్డు బ్రహ్మాండంగా కనిపిస్తోంది" అంటూ బడంతా తిరిగాడట.

"సరే, నువ్వే రాశావుగా. ఆ పిల్లాడెవరో చెప్పు" అన్నాడు చిన్నాడు.

పెద్దాడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవడైతేనేం? అచ్చం నీలాంటివాడు. నాకు కళ్ళజోడు రాగానే నువ్వూ ఏడ్చి సాధించావుగా."

"నాది నిజం పవర్! పెట్టుకోగానే తలనొప్పి కూడా తగ్గింది, తెలుసా?"

వీధిలో జనం ఆగి చూస్తున్నారు. లోపలికి రాబోయిన కస్టమర్ ఒకాయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఎండ నడినెత్తికొచ్చింది. మేడమ్ ఫోన్ ఏ క్షణమైనా రావచ్చు.

పెద్దాడే ముందు దిగొచ్చాడు. "ఒరేయ్, ఒట్టు. అది నేను రాయలేదు. ఎవరో రాసిస్తున్నారు."

చిన్నాడు తల గోక్కున్నాడు. "నాకూ అంతే అన్నయ్యా. నాలుగుకళ్ళని..."

"నాలుగుకళ్ళా!"

గోడ లేచాక మొదటిసారి ఇద్దరూ ఒకే కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒకడు చెబుతుంటే ఒకడు కొట్టాడు. "ఇద్దరికీ ఒకే సరుకు అంటగడతావా? నీ బండారం బడి మేడమ్ దగ్గర బయటపడింది. నువ్వెవరో చెప్తావా, పోలీసుల దగ్గరికి వెళ్ళమంటావా?"

నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది.

"దొంగని నేనే, ఆ సంగతి మేడమ్‌కి నేనే చెప్పుకుంటాను గానీ, వీధిలో ఆ అరుపులాపి ఇద్దరూ పైకి రండి, ఇవాళ క్యారేజీలు దించట్లేదు."